పని నేర్పవలసినది యెవరు?

2019వ సంవత్సరమున ఆంధ్రప్రదేశ్ శాసనసభ, రాష్ట్రమందలి కర్మాగారములలో నూటికి 75 ఉద్యోగములు స్థానికులకే యీయవలెనని యొక చట్టమును గావించినది. నాడు ఆ 75 అను సంఖ్యను గూర్చి జరిగిన చర్చకు మేర లేదు. సభలలోను, పత్రికలలోను, వ్యాపార సంఘములలోను అదియే మాట. కాని ఆ చట్టములోనే మఱియొక నిబంధన కలదు. తగిన యోగ్యతగల స్థానికులు లభింపని యెడల, యజమాని ప్రభుత్వముతో చేయి కలిపి, మూడు సంవత్సరములలోపల స్థానికులకు శిక్షణమిచ్చి పనిలోనికి తీసికొనవలెనని దాని తాత్పర్యము. దీనిని గూర్చి మాటాడినవారు మిక్కిలి తక్కువ. భాగము కావలెనని గొంతులు లేచినవి గాని, ఆ భాగమునకు తగిన నేర్పును కల్పించుట యెవరి పని యని గట్టిగా అడిగినవారు అరుదు.

ఇట్టి భాగపు చట్టముల బలమెంతయో తరువాతి సంవత్సరములలో తేలిపోయినది. హర్యానా రాష్ట్రము చేసిన యిటువంటి శాసనమును 2023 నవంబరులో పంజాబు, హర్యానా హైకోర్టు కొట్టివేసినది. కర్ణాటక మంత్రివర్గము 2024 జూలైలో ఆమోదించిన బిల్లు కొలది దినములలోనే ప్రక్కకు బెట్టబడినది. న్యాయస్థానములలో స్థానికుల పక్షము గెలిచినను ఓడినను, లేతు మిషనుపై నిలిచి నూలువాసి తేడా లేకుండ ఇనుమును చెక్కగల యువకునికి పని దొరకక మానదు. చెక్కలేనివానికి చట్టము ద్వారము చూపగలదేగాని, ద్వారము దాటిన పిమ్మట చేతికి పని నేర్పలేదు. కావున మేము 75ను గూర్చి గాక, ఆ మఱవబడిన నిబంధనను గూర్చియే యిచ్చట ముచ్చటింపదలచితిమి.

తడ సమీపమున, సత్యవేడు, వరదయ్యపాళెము మండలములలో 2008లో ఆరంభమైన శ్రీసిటీని తీసికొందము. వేలకొలది యెకరముల పల్లెభూములు పారిశ్రామిక నగరముగా మాఱినవి. అచ్చట ఇసుజు కంపెనీవారు వాహనములను, ఆల్‌స్టామ్ వారు మెట్రో రైలు పెట్టెలను, కోబెల్కో వారు మట్టి త్రవ్వు యంత్రములను చేయుచున్నారు. ఫాక్స్‌కాన్ వారి ఫోనుల కర్మాగారమున వేలకొలది స్త్రీలు పనిచేసిరి. ఒక తరము క్రిందట ఇట్టి కర్మాగారములను చూడవలెనన్న చెన్నపట్టణపు పొలిమేరలకు పోవలసివచ్చెడిది. ఇప్పుడవి మన వాకిటనే వెలసినవి. అయితే ఆ చెన్నపట్టణము అచ్చటికి అరువది కిలోమీటర్లలోపుననే యున్నది. అంబత్తూరు, శ్రీపెరుంబుదూరు ప్రాంతములలో దశాబ్దములుగా కర్మాగారములలో ఆరితేరిన పనివారు ఆ పట్టణము చుట్టును కలరు. చేయి తిరిగినవాడు ఒక గంట ప్రయాణముతో దొరకుచుండగా, చేయి తిరుగనివానికి రెండేండ్లు నేర్పుమని యజమానిని బ్రతిమాలిన ఫలమేమి? యజమాని లెక్క యజమానిది. ఆ లెక్కను మార్పవలెనన్న, పని నేర్చిన స్థానికుడే అతనికి చౌక పడునట్లును, సుఖమగునట్లును చేయవలెను.

శ్రీసిటీయందే ఒక విద్యాసంస్థ చరిత్ర యిందులకు పాఠమగుచున్నది. 2013లో అచ్చట ట్రిపుల్ ఐ.టి. వెలసినది. దాని మూలధనములో కేంద్రమునకు 50, రాష్ట్రమునకు 35, పరిశ్రమలకు 15 వంతులని యేర్పాటు. అనగా ఇంజనీరును తయారుచేయుటలో యజమానికి సొమ్ము భాగము కలదు, పాలకమండలిలో మాట కలదు. మంచి యేర్పాటే. కాని కర్మాగారపు గేటులోపల ఒక ఇంజనీరునకు ప్రక్కన ఎందరు ఫిట్టర్లు, వెల్డర్లు, ఎలక్ట్రీషియన్లు కావలెనో లెక్కించిన పిమ్మట, ఆ ఇంజనీరునకు చేసిన యేర్పాటు ఈ పనివారికి ఏల చేయలేదని ప్రశ్నింపవలసియున్నది. ఐ.టి.ఐ. లో చేరు పల్లెబాలుడు కర్మాగారమును మొట్టమొదట చూచునది చదువు ముగిసి ఉద్యోగము కొఱకు గేటువద్ద నిలిచిన దినముననే యన్న, అందు అతిశయోక్తి స్వల్పము.

యజమానులను బడిలోనికి పిలుచు ప్రయత్నములు జరుగలేదని మేమనము. జరిగినవి. 2007-08 మొదలుకొని కేంద్ర ప్రభుత్వము 1,227 ప్రభుత్వ ఐ.టి.ఐ. లకు ఒక్కొక్కదానికి రెండున్నర కోట్ల రూపాయల వఱకు వడ్డీలేని ఋణమిచ్చినది. ప్రతి శిక్షణాలయమునకు ఒక నిర్వహణ సంఘము, దాని కొక పారిశ్రామికుడు అధ్యక్షుడు. ఋణము తీర్చుటకు మొదటి పదియేండ్లు గడువు, పిమ్మట ఇరువది యేండ్ల వాయిదాలు. కాగితముమీద ఇంతకంటె కోరదగిన దేమున్నది? శ్రద్ధగల అధ్యక్షుడు లభించినచోట క్రొత్త యంత్రములు వచ్చినవి, గుణము కనబడినది. మిగిలినచోట్ల ఆ పదవి గౌరవమునకే పరిమితమైనదని మా యభిప్రాయము. కారణమును వెదకుటకు దూరము పోనక్కఱలేదు. సొమ్ము ప్రభుత్వముది, పాఠ్యక్రమము ఢిల్లీది, పరీక్ష ఢిల్లీది. ఆ అధ్యక్షుడు సమావేశమునకు రాకున్నను ఆయన ఫ్యాక్టరీకి నష్టము లేదు, వచ్చినను ఆయనకు కావలసిన పనివాడు దొరకునను నమ్మకము లేదు. కుర్చీ యిచ్చి అధికారమీయని పొత్తు ఎంతకాలము నిలుచును?

ఈ విషయమున జర్మనీ దేశమును తఱచు ఉదాహరింతురు. మేమును ఉదాహరింపక తప్పదు, అయితే ఒక్క సంగతి కొఱకు. అచ్చట శిష్యుడు మొదట యజమానితో ఒడంబడిక చేసికొనును. వారమునకు మూడు నాలుగు దినములు పనిశాలలో, ఒకటి రెండు దినములు బడిలో నేర్చును. 1969 నాటి శాసనము దీనినంతయు క్రమపఱచినది. మనవారు అనుకరింపదలచునది ఈ దినముల పంపకమును. దానికంటె ముఖ్యమైనది వేఱొకటి. అచ్చటి వర్తక పరిశ్రమల మండలులు ప్రాంతమునకు ఒక్కొక్కటిగా నున్నవి. పరిశ్రమ నడపువాడు వానిలో సభ్యుడు కాక తప్పదు. పరీక్షను నడుపునది ఆ మండలియే. పరీక్షకులలో యజమానుల ప్రతినిధులు, కార్మికుల ప్రతినిధులు, ఉపాధ్యాయులు ముగ్గురును కలరు. తన ఊరి పోటీదారులు, తన ఊరి పనివారు కూర్చుండి యిచ్చిన పట్టా గనుక యజమాని దానిని నమ్మును. మనదేశమున అట్టి మండలులు లేవు. శాసనముతో రేపు తెచ్చి నాటదగినవియు కావు. అందుచేత జర్మనీని యథాతథముగా దింపవలెననువారితో మేము ఏకీభవింపజాలము. పరీక్షను ప్రాంతమునకు దింపుట మాత్రము మనకును సాధ్యమే.

పెద్ద కంపెనీలను విడిచి చిన్న షెడ్లను చూతము. మా దృష్టిలో అసలు సమస్య అచ్చటనే యున్నది.

బెజవాడ ఆటోనగరును ఎఱుగని తెలుగువాడుండడు. లారీ చాసిస్‌పై బాడీ కట్టుట మొదలు ఇంజను విప్పి బిగించువఱకు అచ్చట జరుగని మరమ్మతు లేదు. అందలి విద్య యంతయు మేస్త్రీ చేతిలో నున్నది. పదవ తరగతి తప్పిన కుఱ్ఱవాడు షెడ్డులో చేరును. మొదట పానాలు అందించుట, డీజిలుతో సామానులు కడుగుట, టీ తెచ్చుట. ఏడాదికి నట్టు ఎంత బిగువుగా నుండవలెనో చేతికి తెలియును. రెండేండ్లకు ఇంజను శబ్దము విని ఎచ్చట దోషమున్నదో చెప్పగలుగును. ఏ కళాశాలయు ఈ చెవిని ఈయజాలదు. మన పూర్వుల కంసాలి, కమ్మరి కొలిమిలలో తరతరములుగా సాగిన శిష్యరికమిదియే, ఇనుము మాత్రము మాఱినది.

కాని 2020 ఏప్రిల్ 1వ తేదీనుండి దేశమందంతట క్రొత్త వాహనములకు భారత్ స్టేజ్-6 నియమములు అమలులోనికి వచ్చినవి. ఆనాటినుండి వచ్చుచున్న లారీలలో ఇంధనము ఎంత చిమ్మవలెనో, పొగలోని విషమును ఎట్లు హరింపవలెనో నిర్ణయించునది ఎలక్ట్రానిక్ పెట్టె. పొగగొట్టములో సెన్సర్లు, యూరియా ద్రవము చిమ్ము యంత్రము చేరినవి. దోషమును చెప్పునది శబ్దము గాదు, స్కానరు తెరపై కనబడు అంకె. ముప్పదియేండ్లు చెవిని నమ్ముకొన్న మేస్త్రీ ఆ అంకె యెదుట నిస్సహాయుడగుచున్నాడు. లారీ యజమాని కంపెనీ సర్వీసు కేంద్రమునకు పోవుచున్నాడు. షెడ్డునకు మిగులునది పాత బండ్లు. పాత బండ్లు ఎంతకాలముండును?

అదే ఊరి ఐ.టి.ఐ. లోని ఉపాధ్యాయుని సంగతి యేమి? విద్యుత్ వలయమును నల్లబల్లపై గీయగలడు, సెన్సరు ఎట్లు పనిచేయునో సూత్రముతో చెప్పగలడు. విప్పుటకు క్రొత్త ఇంజను ఆయనయొద్ద నుండుట అరుదు. ఒకరియొద్ద బండి యున్నది, ఒకరియొద్ద సూత్రమున్నది. ఇద్దఱి నడుమ దూరము రెండు మూడు మైళ్లు మాత్రమే. ఆ కుఱ్ఱవాడు వారమునకు నాలుగు దినములు షెడ్డులోను, రెండు దినములు బడిలోను ఉండరాదా? మేస్త్రీయే స్వయముగా సాయంకాలము వచ్చి ఆ వలయమును నేర్చుకొనరాదా? ఆయనకు బడిలో కుఱ్ఱవాండ్ర ప్రక్కన కూర్చుండుట చిన్నతనమని తోచినచో, ఉపాధ్యాయుడే షెడ్డునకు పోవచ్చును. మేస్త్రీ చిన్నతనపడకుండ నేర్చుకొను మార్గమును చూచుటయు పొత్తులో భాగమే.

ఒక్కొక్క షెడ్డునకు శిష్యుని భారము వహించు స్తోమత లేదని యాక్షేపణ రావచ్చును. 1961 నాటి శిష్యరికపు శాసనమే దీనికి సమాధానము చెప్పినది. అనేక యజమానులు స్వయముగాగాని, ఒక సంస్థ మూలముగాగాని, కూడుకొని శిష్యులకు శిక్షణ మీయవచ్చునని అందు కలదు. 2019 నాటి నియమముల ననుసరించి ముప్పదిమంది, అంతకు పైబడి పనివారున్న సంస్థ తన పనివారిలో నూటికి రెండున్నర మొదలు పదునైదు వఱకు శిష్యులను తీసికొనుట విధి. నలుగురు మొదలు ఇరువదితొమ్మిది మంది యున్నవారికి అది ఐచ్ఛికము. అనగా ఆటోనగరు షెడ్లకు తలుపు తెఱచియే యున్నది. ఇరువది షెడ్లు కలిసి నలువదిమంది కుఱ్ఱవాండ్రను, ఇంజను షెడ్డులో మూడు మాసములు, ఎలక్ట్రికల్ షెడ్డులో మూడు మాసములు, లేతుపై మూడు మాసములుగా త్రిప్పవచ్చును. ఇది చేయుటకు క్రొత్త శాసనమక్కఱలేదు. కాగితములు వ్రాసి పెట్టు ఒక గుమాస్తా, పిలిచి కూర్చుండబెట్టు ఒక అధికారి చాలును.

సొమ్ము మాట. భవన నిర్మాణములో మన రాష్ట్రమే ఒక దారి చూపినది. 1998లో హైదరాబాదున స్థాపింపబడిన జాతీయ నిర్మాణ శిక్షణ సంస్థ, న్యాక్ అని వాడుక, ప్రభుత్వమును గుత్తేదారుల సంఘమును కలిసి నెలకొల్పినది. గుత్తేదారుల బిల్లులనుండి స్వల్పభాగము దానికి చేరునట్లు ఏర్పాటు చేయబడినది. తాపీపనివానికి, కంబి కట్టువానికి, ప్లంబరునకు పని నేర్పు ఖర్చు వారి పనివలన లాభపడువాడే కొంత భరించుట న్యాయము. తన బిల్లునుండి సొమ్ము పోవుచున్నదని యెఱిగిన గుత్తేదారు ఆ సొమ్ముతో ఏమి నేర్పుచున్నారని యడుగక మానడు. అడుగుటయే మాకు కావలసినది.

తెలంగాణ ప్రభుత్వము 2024 జూన్‌లో మల్లేపల్లియందు శంకుస్థాపన చేసి, 65 ఐ.టి.ఐ. లను టాటా టెక్నాలజీస్ వారితో కలిసి ఉన్నత సాంకేతిక కేంద్రములుగా మార్ప పూనుకొన్నది. వ్యయము సుమారు 2,324 కోట్ల రూపాయలు. పాత లేతులమీద నేర్చుకొన్న బాలునికి కంప్యూటరుతో నడచు యంత్రములు కనబడుట సంతోషకరమే. అయితే యంత్రము తెచ్చి యిచ్చువాడు వేఱు, రేపు ఆ బాలుని పనిలోనికి తీసికొనువాడు వేఱు. కరీంనగరు కుఱ్ఱవాని చుట్టునున్న యజమాని గ్రానైటు కోయువాడు, ధాన్యపు మిల్లు నడపువాడు. ఆ యజమాని బల్లవద్ద లేనిచో, రోబోటును త్రిప్ప నేర్చినవాడు హైదరాబాదు బస్సెక్కును. అచ్చటికి పోయి బ్రతుకుట తప్పు గాదు. జిల్లా కేంద్రములో పెట్టిన వ్యయమునకు జిల్లాకు కలిగిన ఫలమేమో మాత్రము అడుగవలసివచ్చును.

2025 మే నెలలో కేంద్ర మంత్రివర్గ మామోదించిన 60,000 కోట్ల పథకమునకును ఇదే ప్రశ్న వర్తించును. వేయి ప్రభుత్వ ఐ.టి.ఐ. లను, ఒక పెద్ద కేంద్రము, దాని చుట్టును ఉపకేంద్రములుగా, బాగుచేయుదురట. కేంద్రము 30,000, రాష్ట్రములు 20,000, పరిశ్రమలు 10,000 కోట్లు పెట్టవలెను. జాతీయ స్థాయి కేంద్రములైదింటిలో హైదరాబాదొకటి. పరిశ్రమలు పెట్టవలసిన ఆ 10,000 కోట్లలోనే పథకపు ప్రాణమున్నదని మా నమ్మకము. అది యథార్థముగా యజమానుల సంచినుండి వచ్చెనా, లేక పాత యంత్రముల వెలగట్టి లెక్కలో వ్రాసిరా యను దానినిబట్టి 2007 నాటి కథ మరల నడచునో లేదో తెలియగలదు.

యజమానిని ఇంతగా బడిలోనికి పిలుచుటలో భయము లేకపోలేదు. శిష్యుడన్న పేరుతో చౌక కూలివానిని సంపాదించు దురాశ అన్ని దేశములందును ఉన్నదే. 2019 నాటి నియమములలో శిష్యునికి నెలకు కనీసపు భృతి, చదువునుబట్టి, 5,000 మొదలు 9,000 రూపాయలు. 2025లో కేంద్ర మండలి దానిని నూటికి 36 వంతులు పెంపుమని సిఫారసు చేసినది. ప్రభుత్వమును ఆ భృతిలో నాలుగవవంతు, నెలకు 1,500 మించకుండ, భరించునట్లు ఏర్పాటున్నది. కాలము ముగిసిన పిమ్మట ఉద్యోగమిచ్చి తీరవలెనను నిర్బంధము శాసనమున లేదు. ఏటేట ఒక జట్టును పంపివేసి మఱియొక జట్టును తెచ్చుకొను యజమాని, శాశ్వతపు పనివానిని పెట్టుకొనక కాలము గడుపగలడు. కార్మిక సంఘముల సంశయము నిరాధారము గాదు. ప్రతి సంస్థయు ఎందరు శిష్యులను తీసికొన్నది, ఎందరిని నిలుపుకొన్నది జిల్లావారీగా ఏటేట ప్రకటించినచో, తండ్రులే నిర్ణయింపగలరు ఏ గేటునకు బిడ్డను పంపవలెనో.

మఱియొక భయము సూక్ష్మమైనది. కంపెనీకి కావలసినది తన యంత్రముపై ఒక మీట నొక్కువాడు. బాలునికి కావలసినది నలువదియేండ్ల బ్రతుకు. ఒక్క కంపెనీ ఒక్క వరుసలో పనికివచ్చు నేర్పు ఆ వరుస మూతపడిన దినమున వ్యర్థము. అందుచేత గణితము, చిత్తరువు చదువుట, విద్యుత్తు, భాష వీని విషయమున బడి పట్టు సడలింపరాదు. పొత్తనగా బడిని కర్మాగారమునకు అప్పగించుట గాదు. 1910లో బందరున కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు, పట్టాభిసీతారామయ్యగారు స్థాపించిన ఆంధ్ర జాతీయ కళాశాల అక్షరవిద్యతో చేతిపనులను జతపఱచినది. ఆనాడు ఆంధ్రదేశమున యంత్రశాలలు అరుదు. పని నేర్చి వెలుపలికి వచ్చినవానికి ఎదురుగా తలుపు తెఱచుకొని యున్న కర్మాగారము లేదు. నేడు కర్మాగారములున్నవి.

ఇక మన పాఠకులతో ఒక మాట. మనలో పలువురు భూవసతి గలవారు, మిల్లులు, కోల్డుస్టోరేజీలు, చెఱువులు గలవారు. మన బిడ్డలను ఇంజనీరింగు కళాశాలలకు పంపి, ఐ.టి.ఐ. యన్నది పాలేరు బిడ్డకు తగినదని మనసులో ననుకొనుచున్నాము. బియ్యము రంగు చూచి యేఱు సార్టెక్సు యంత్రము కోతల కాలమున ఆగిపోయినపుడు, మరమ్మతు చేయువాడు పరరాష్ట్రమునుండి రావలెనని విసుగుకొనుచున్నాము. గుంటూరు మిర్చి కోల్డుస్టోరేజీలో యంత్రము చెడిన రాత్రి, భీమవరము చెఱువుగట్టున ఏరియేటరు ఆగిన తెల్లవాఱుజామున, మనకు జ్ఞప్తికి వచ్చునది ఇంజనీరు పట్టా గాదు. యజమానులన్న శ్రీసిటీలోని విదేశీయులు మాత్రమే కారు. ముప్పదిమందిని పెట్టుకొన్న మిల్లుదారుడును ఈ శాసనపు దృష్టిలో యజమానియే. ఒక తాలూకా మిల్లుదారులందఱు కలిసి ఊరి ఐ.టి.ఐ. కి పాత సార్టెక్సు ఒకటి ఇచ్చి, ఏటికి పదిమంది కుఱ్ఱవాండ్రను తీసికొనినచో, ఆ వ్యయము ఒక సీజనులో రెండుదినములు మిల్లు ఆగిన నష్టమునకు మించదని మా యంచనా.

ఆంధ్రప్రదేశమున 2024 జూన్‌లో ముఖ్యమంత్రి పెట్టిన తొలి సంతకములలో నైపుణ్య గణనకు సంబంధించిన దస్త్రమొకటి. యువకులకు ఏమి వచ్చునో లెక్కించుట మంచిదే. యజమానులకు ఏమి కావలెనో, వచ్చు మూడేండ్లలో ఏ మండలమున ఎన్ని చేతులు కావలెనో అదే శ్రద్ధతో లెక్కించి, రెండు లెక్కలను ప్రతి ఐ.టి.ఐ. గోడపై ప్రక్కప్రక్కన అంటింపవలెను. ప్రవేశముల కాలమునకు ముందే ఆ పని జరుగవలెను. ఆ పట్టికను చూచి ఏ ట్రేడులో ఎన్ని సీట్లుండవలెనో జిల్లాలోనే తేల్చుకొను స్వేచ్ఛ ప్రిన్సిపాలునకు, యజమానులకు కలిపి ఈయవలెను.

ఆ చట్టము వచ్చునప్పటికే నడచుచున్న కర్మాగారములకు అది యిచ్చిన మూడు సంవత్సరముల గడువు 2022లోనే తీఱిపోయినది. ఆ మూడేండ్లలో ఏ యజమాని ప్రభుత్వముతో కలిసి ఏ మండలమున ఎందరికి ఏ పని నేర్పెనో, వారిలో నేడెందరు ఆ గేటు లోపల నున్నారో, సంస్థవారీగా లెక్క తీసి శాసనసభ యెదుట పెట్టవలెనని మేము ప్రభుత్వమును కోరుచున్నాము.